తంబుర పట్నంలో ఆగిన పాట

అనగనగా ఒక అడవి. అడవి అంటే పులులూ సింహాలూ తిరిగే పెద్ద అడవి కాదు పిల్లలూ. ఒక చిన్న కొండ, కొండ కింద వాగు, వాగు పక్కన వెదురు పొదలు. అంతే. ఆ వాగు ఒడ్డున ఒక నల్లరాయి ఉండేది. ఎండ కాస్త ముదిరేసరికి ఇద్దరు స్నేహితురాళ్ళు వచ్చి ఆ రాయి మీద కూర్చునేవాళ్ళు.

ఒకామె ముంగిస. పేరు పైడి. కాలు చురుకు, మాట చురుకు, కోపం ఇంకా చురుకు.

రెండో ఆమె తాబేలు. పేరు నూకాలు. ఏదైనా అడిగితే ముందు మెడ బయటికి పెట్టేది. అటూ ఇటూ చూసేది. అప్పుడు జవాబు చెప్పేది. అడిగినవాళ్ళు ఈలోపు వెళ్ళిపోయినా సరే, చెప్పేది.

వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో నాకిప్పటికీ వింతే. కానీ కుదిరింది. నూకాలు డిప్ప మీద నాచు పట్టేది. తన వీపు తనకి అందదు కదా! పైడి రోజూ ఒక గరుకు ఆకు తెచ్చి ఆ నాచు రుద్దేది.

"కాస్త ఎడమకే, పైడీ."

"నీ ఎడమా, నా ఎడమా?"

"వీపు నాదైతే ఎడమ నీదెలా అవుతుందే?"

ఇలా నవ్వుకుంటూ పొద్దు గడిపేవాళ్ళు. ఇంకొకరు కావాలని వాళ్ళకెప్పుడూ అనిపించలేదు.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. చెట్లు వేళ్ళతో సహా లేచాయి. ఆ గాలికి ఎక్కడినుంచో ఒక గోరింక కొట్టుకొచ్చి వెదురు పొదలో పడింది. పేరు మంజరి. రెక్క దెబ్బతింది. నూకాలు దాన్ని చూసి అయ్యో అంది. పొదలో చోటిచ్చింది. పురుగూ పండూ చూపించింది. కొన్నాళ్ళకి రెక్క నయమైంది. కానీ మునుపటిలా ఎత్తుకి ఎగరలేకపోయింది. ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి, అంతే.

"ఏ ఊరమ్మా మీది?" అని నూకాలు అడిగింది.

"తంబుర పట్నం, నూకాలక్కా" అంది మంజరి.

"అదెక్కడుంది?"

"మీ కొండ దాటాలి. ఆ తర్వాత గద్దల మిట్ట దాటాలి. అదిగో, అక్కడ."

ఆ పట్నం సంగతి మంజరి చెబుతుంటే నూకాలు మెడ బారెడు సాగింది. ఎప్పుడో మనుషులు కట్టి వదిలేసిన పట్నమట. ఇప్పుడు అక్కడ పిట్టలూ పురుగులూ కప్పలూ ఉంటాయట. వీధికొక పాట. గోడకొక వాయిద్యం. పొద్దున లేస్తే కిటికీలోంచి సన్నాయి, మధ్యాహ్నం చూరు కింద మద్దెల. ఇంకో వింత కూడా ఉంది. అక్కడ పాడిన పాట మళ్ళీ పాడరట! నిన్నటి పాట నిన్నటితో సరి. ఇవాళ్టి పాట ఇవాళ, మీరు ఎదురుగా కూర్చున్నాకే పుడుతుంది.

"అంటే నేను వినే పాట నాకు తప్ప ఇంకెవరికీ దొరకదా?" అని నూకాలు అడిగింది.

"నీ పక్కన కూర్చున్నవాళ్ళకి దొరుకుతుంది అక్కా."

నూకాలు కళ్ళు మూసుకుని ఆ మాటే తలుచుకుంటూ ఉండిపోయింది.

పైడి మాత్రం మట్టి గీకుతూ కూర్చుంది.

ఎందుకో తెలుసా? ఆ పొద్దున పైడి ఎప్పట్లాగే గరుకు ఆకు పట్టుకుని వచ్చింది. వచ్చేసరికి మంజరి నూకాలు వీపు మీద ఎక్కి కూర్చుని ఉంది. డిప్ప సందుల్లో చిన్న చిన్న జలగలు పడతాయి. పైడి గోళ్ళు ఆ సందుల్లోకి పోవు. మంజరి ముక్కు పోతుంది. టుక్కుమని ఒకటి, టుక్కుమని ఒకటి లాగి పారేస్తోంది.

"అబ్బ! ఎన్నాళ్ళకి ప్రాణం హాయిగా ఉందే!" అంది నూకాలు.

ఎన్నాళ్ళకి అట! పైడి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. మరి ఇన్నాళ్ళూ నేను రుద్దింది ఏమిటి? అనుకుంది. గుండె కింద ఏదో చీమ కుట్టినట్టయింది. పుస్తకాల్లో దాన్ని అసూయ అని రాస్తారు. మనం ఇంట్లో కుళ్ళు అంటాం. ఏ పేరు పెట్టినా ఆ చీమ కుట్టడం మాత్రం ఆపదు.

ఒకరోజు నూకాలు తన నిర్ణయం చెప్పింది.

"పైడీ, తంబుర పట్నం వెళ్ళొద్దామే. ఎక్కువ రోజులేం వద్దు. వెళ్ళి, విని, వచ్చేద్దాం. ముగ్గురం."

ముగ్గురం అన్న మాట దగ్గర పైడి చెవులు వెనక్కి వాలాయి. అయినా సరే అంది. ప్రయాణం ఏర్పాట్లన్నీ తనే చూస్తానంది. దారులన్నీ తనకి తెలుసు. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో, ఎక్కడ ముళ్ళుంటాయో తెలుసు. ఈ పనిలోనైనా నూకాలు నన్నే అడగాలి, అనుకుంది.

ముగ్గురూ నల్లరాయి మీద కూర్చున్నారు.

"ముందు దారి సంగతి. వాగు పక్కనే పోదాం. నీడుంటుంది" అంది పైడి.

మంజరి మెల్లగా అంది. "పైడక్కా, వాగు పక్కన పోతే చాలా చుట్టు. కొండ నడుము మీదుగా మేకల బాట ఉంది. నూకాలక్క కాళ్ళకి తేలిక."

"అవునా! మంజరి చెప్పినట్టే పోదాం" అంది నూకాలు.

చీమ కుట్టింది.

"సరే, తిండి సంగతి. పుట్టగొడుగులు మూట కడతాను" అంది పైడి.

"పుట్టగొడుగులు దారిలో వడిలిపోతాయి అక్కా. రేగుపళ్ళు అయితే ఆగుతాయి" అంది మంజరి.

"నిజమే సుమా! రేగుపళ్ళే కడదాం" అంది నూకాలు.

చీమ మళ్ళీ కుట్టింది.

"పోనీ, అక్కడికి వెళ్ళాక పెద్ద మండపంలో కూర్చుందాం. ముందు వరసలో" అంది పైడి. మండపం ఒకటి ఉంటుందని ఆమె ఊహ. చూసిందేం లేదు.

మంజరి నవ్వింది. ఎగతాళిగా కాదు, ముచ్చటగా నవ్వింది. "మండపంలో హడావుడే ఎక్కువ అక్కా. చివరి వీధిలో ఒక పడిపోయిన మేడ ఉంది. అక్కడ వరహాలమ్మగారని ఒక ముసలామె పాడుతుంది. వింటే ఆవిడ పాటే వినాలి."

"అయితే అక్కడే!" అంది నూకాలు.

"అన్నీ దానికే తెలిస్తే నేనెందుకు? మీరిద్దరూ పోయిరండి, నేనిక్కడ రాయికి కాపలా ఉంటాను" అంది పైడి.

నూకాలు నవ్వేసింది. "నువ్వు లేకపోతే నన్ను ఎవరు తిడతారే దారంతా?"

పైడి కూడా నవ్వింది. మూతి నవ్వింది గానీ లోపల నవ్వలేదు.

ఆ మధ్యలోనే మంజరి మూడుసార్లు పైడి దగ్గరికి వచ్చింది. ఒకసారి పైడి రేగుపళ్ళు ఏరుతుంటే వచ్చింది. "పైడక్కా, నీతో ఒక మాట చెప్పాలి" అంది. "పని చేసుకోనీ" అంది పైడి. ఇంకోసారి వాగు దగ్గర నీళ్ళు తాగుతుంటే వచ్చింది. "అక్కా, ఆ మాట..." అంది. "గొంతు తడుపుకోనిస్తావా లేదా?" అంది పైడి. మూడోసారి పైడి ఊరికే కూర్చుని ఉండగా వచ్చింది. అప్పుడు పైడికి చెప్పడానికి సాకు కూడా లేదు. "నీ మాటలు నూకాలుకి ముద్దు. దానికే చెప్పుకో పో" అంది. మంజరి తల వంచుకుని వెళ్ళిపోయింది.

బయల్దేరే రోజు రేపనగా, పొద్దు వాలుతుండగా, పైడి వెదురు పొద దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేదాకా ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. నోరు తెరిచాక అదే వచ్చేసింది.

"మంజరీ, ప్రయాణం వాయిదా పడింది."

"అయ్యో! ఎందుకక్కా?"

"నూకాలుకి కాలు బెణికింది. పడుకుంది. ఎవరినీ రావద్దంది. నయమయ్యాక నేనే వచ్చి పిలుస్తాను."

"ఒకసారి చూసి వస్తాను."

"వద్దన్నానా! పడుకుందని చెప్పలేదూ?"

మంజరి తల ఊపింది. కొమ్మ మీద కాస్త కిందికి జరిగి కూర్చుంది. అంతే. పైడి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

తెల్లవారింది. నల్లరాయి దగ్గర కాకుండా, వాగు అవతల కలుద్దామని పైడి ముందే చెప్పి ఉంచింది. నూకాలు వచ్చింది. చుట్టూ చూసింది.

"మంజరి ఏదే?"

"రానంది."

"రానందా!"

"ఆ పట్నం మొహం చూసి చూసి విసుగెత్తిందట. మనం పోయి రమ్మంది."

నూకాలు మెడ కాస్త లోపలికి పోయింది. "నాతో ఒక మాటైనా అనలేదే" అంది. ఆ తర్వాత, "పోనీలే, దాని ఇష్టం" అని నడక మొదలుపెట్టింది.

ఆ రోజంతా పైడికి పండగే. ముందుకి ఉరికేది, వెనక్కి వచ్చేది. రేగుపళ్ళు తనే గింజ తీసి నూకాలు నోట్లో పెట్టేది. ఇద్దరమే, ఇద్దరమే, అని లోపల పాడుకుంది.

సాయంత్రానికి గద్దల మిట్ట వచ్చింది. అక్కడ చెట్టు లేదు, పొద లేదు. బోడి రాళ్ళు. పైన ఆకాశంలో గద్దలు గిరికీలు కొడుతున్నాయి. ఒకటి కిందికి దిగి వీళ్ళని చూసింది. ఒకరికి డిప్ప, ఇంకొకరికి పళ్ళు. లాభం లేదనుకుని లేచిపోయింది.

"చిన్న పిట్టలు దీన్ని ఎలా దాటతాయో పాపం" అంది నూకాలు.

పైడి రేగుపళ్ళ మూట సర్దుకుంది. "తొందరగా నడువు" అంది.

మర్నాడు పొద్దున తంబుర పట్నం చేరారు. అబ్బ, ఏం చెప్పను పిల్లలూ! ఊరు ఇంకా కనపడనే లేదు, ముందు చప్పుడు వచ్చి పలకరించింది. దూరంనుంచి అంతా కలిసి ఒకటే జుమ్ అని వినిపించింది. దగ్గరికి పోయేకొద్దీ అది విడివిడిగా విచ్చుకుంది. ఇదిగో తుమ్మెదల శ్రుతి. అదిగో వడ్రంగిపిట్ట తాళం. గోడ మీంచి పికిలిపిట్టల జంట పాట.

మొదటి వీధిలో కీచురాళ్ళ మేళం ఉంది. వీళ్ళు వెళ్ళి ముందు కూర్చున్నారు. పెద్ద కీచురాయి వీళ్ళవైపు తిరిగి అడిగింది.

"అందరూ వచ్చినట్టేనా?"

నూకాలు బిత్తరపోయింది. "అదేమిటయ్యా, అలా అడిగారు?"

"ఇది మా పట్నం పద్ధతి తల్లీ. మా పాట మళ్ళీ దొరకదు. మీలో ఎవరైనా వెనకబడితే వాళ్ళకి ఈ పాట ఇక లేనట్టే. అందుకని అడుగుతాం. ఎవరైనా రావాలంటే చెప్పండి, వచ్చేదాకా ఆగుతాం."

"అందరం వచ్చాం" అంది పైడి చటుక్కున.

మేళం మొదలైంది. నూకాలు తల ఊపుతూ మునిగిపోయింది. పైడికి మాత్రం ఆ ప్రశ్నే చెవిలో తిరుగుతోంది. పాట అయిపోయింది. ఎలా మొదలైందో ఎలా ముగిసిందో ఆమెకి తెలియలేదు.

రెండో వీధిలో కప్పల కచేరీ. నీళ్ళ తొట్టి అంచున వరసగా కూర్చున్నాయి. పెద్ద కప్ప బుగ్గలు పూరించబోయి ఆగింది.

"అందరూ వచ్చినట్టేనా?"

ఈసారి పైడి గొంతు తడబడింది. "వచ్చా... వచ్చాం."

"గట్టిగా చెప్పమ్మా, ముసలి చెవులు."

"వచ్చామన్నానా!"

కప్ప ఉలిక్కిపడింది. నూకాలు పైడివైపు చూసింది. "ఎందుకే అలా కసురుతావు? వాళ్ళ మర్యాద వాళ్ళది" అంది. కచేరీ సాగింది. నూకాలుకి కళ్ళు చెమర్చాయి. పైడి తొట్టిలో తన మొహం చూసుకుంటూ కూర్చుంది. అది కూడా సరిగా కనపడలేదు. నీళ్ళు కదులుతున్నాయి.

"ఇక వరహాలమ్మగారి దగ్గరికి" అంది నూకాలు.

"ఈ రెండూ చాలవూ? ఇంటికి పోదాం" అంది పైడి.

"ఇంత దూరం వచ్చి అదొక్కటీ వదిలేస్తామా? మంజరి మరీ మరీ చెప్పింది."

చివరి వీధిలో పడిపోయిన మేడ ఉంది. విరిగిన స్తంభం మీద ఒక ముసలి గోరింక కూర్చుని ఉంది. ఈకలు పల్చబడ్డాయి. కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. ఆవిడే వరహాలమ్మ. ఎదురుగా ఎన్నో పిట్టలు సద్దు చేయకుండా కూర్చుని ఉన్నాయి. అందరూ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

తాబేలునీ ముంగిసనీ చూడగానే ముసలామె లేచి నిలబడింది.

"వచ్చారా తల్లీ! తాబేలూ, ముంగిసా! కొంగ చెప్పిన గుర్తులు సరిపోయాయి. ఏదీ, అది ఏది?"

"ఏది, మామ్మా?" అంది నూకాలు.

"నా మనవరాలు. మంజరి."

పైడి రెండడుగులు వెనక్కి వేసింది.

"గాలివానలో కొట్టుకుపోయింది. పోయిందనే అనుకున్నాం" అంది వరహాలమ్మ. "మొన్న మీ వాగుకి వచ్చిపోయే కొంగ కబురు తెచ్చింది. బతికే ఉందట. రెక్క బాగా లేక గద్దల మిట్ట ఒంటరిగా దాటలేదట. ఇద్దరు అక్కలు తోడు తీసుకొస్తున్నారని చెప్పి పంపింది. అందుకే నిన్నటి నుంచీ పాడలేదు. అందరూ వచ్చినట్టేనా తల్లీ?"

నూకాలు మెడ తిప్పింది. నూకాలు ఏదైనా నెమ్మదిగా చేస్తుందని చెప్పాను కదా. ఆ రోజు మెడ తిప్పినంత నెమ్మదిగా ఎప్పుడూ తిప్పలేదు.

"పైడీ, అది రానందా?"

పైడి నేల చూసింది.

"నిన్నే. అది రానందా?"

"రానని అనలేదు."

"మరి?"

"ప్రయాణం వాయిదా పడిందని చెప్పాను. నీకు కాలు బెణికిందన్నాను."

"ఎందుకే?"

"నువ్వు... నువ్వు దాని మాటే వింటున్నావు. దారి దానిదే, తిండి దానిదే. ఈ ప్రయాణంలో నేనెక్కడున్నాను?"

నూకాలు తల లోపలికి తీసుకుంది. కాళ్ళు లోపలికి తీసుకుంది. డిప్ప మూసేసుకుంది.

నక్కని చూస్తే నూకాలు అలా చేసేది. కుక్కని చూస్తే చేసేది. పైడిని చూసి చేయడం అదే మొదలు.

"నూకాలూ! ఒసే నూకాలూ!" అని పైడి డిప్ప మీద తట్టింది. రాయిని తట్టినట్టుంది.

వరహాలమ్మ మాత్రం అరవలేదు. తిట్టలేదు. మళ్ళీ స్తంభం మీద కూర్చుంది. "అయితే ఇంకొకరు రావాలన్నమాట. ఆగుతాం" అంది. పక్క వీధి వాళ్ళకి కబురు వెళ్ళింది. కప్పలు ఆగాయి. కీచురాళ్ళు ఆగాయి. తుమ్మెదలు శ్రుతి ఆపేశాయి. ఎప్పుడూ మోగే పట్నం మూగబోయింది. వరహాలమ్మ మనవరాలు వెనకబడిపోతే వాళ్ళెలా పాడతారు?

ఆ నిశ్శబ్దం తనవల్లేనని పైడికి తెలుసు. ఎవరైనా తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

"నేను తీసుకొస్తాను" అంది.

పైడి పరుగు తీసింది. నూకాలుతో రోజంతా పట్టిన దారి ఆమె ఒక్కతే అయితే ఎంతసేపు? మిట్ట దాటింది, మేకల బాట దాటింది. పొద్దు కొండ మీద ఉండగానే వాగు చేరింది.

నల్లరాయి మీద మంజరి కూర్చుని ఉంది. పక్కన ఏవో ఆకులు పెట్టుకుంది.

"పైడక్కా! వచ్చావా! నూకాలక్క ఎక్కడా కనపడలేదు. బెణుకుకి ఈ ఆకు నూరి కడితే మంచిదట. నిన్నటి నుంచి వెతుకుతున్నాను. ఎక్కడుంది?"

పైడికి అప్పుడు ఏడుపొచ్చింది పిల్లలూ. నిజం చెప్పడానికి ఇంత దూరం ఉరికి వచ్చింది గానీ, ఆ ఆకులు చూసేదాకా ఏడవలేదు.

మొత్తం చెప్పేసింది. వాయిదా అబద్ధం, బెణుకు అబద్ధం, రానందన్నది అబద్ధం. మంజరి రెక్కలు దగ్గరికి ముడుచుకుంది.

"మీ ఊరికి వెళ్ళిపోవాలనుకుంటున్నావని ఒక్క ముక్క చెప్పి ఉంటే నేనిలా చేసేదాన్నా?" అంది పైడి.

"చెబుదామనే కదా మూడుసార్లు వచ్చాను" అంది మంజరి.

పైడి తల దించుకుంది.

"నూకాలుకి చెప్పొచ్చుగా?"

"నేను వెళ్ళిపోతానంటే నూకాలక్క బెంగపడుతుంది. ముందు నీకు చెప్పి, నీచేత మెల్లగా చెప్పించాలనుకున్నాను. ఆవిడకి అందరికంటే దగ్గర నువ్వే కదా అక్కా."

ఆ మాట పైడి ఎన్నాళ్ళుగా వినాలనుకుంది! విన్నది. విన్నాక సంతోషించలేకపోయింది.

"నాతో రమ్మంటే వస్తావా? నన్ను నమ్మమని అడిగే మొహం నాకు లేదు. కానీ మీ మామ్మ అక్కడ పాట ఆపుకుని కూర్చుంది" అంది.

మంజరి ఆలోచించింది. "కోపం ఉంది అక్కా. చాలా ఉంది. అయినా వస్తాను. దారిలో కోపపడతాను" అంది.

తెల్లవారగానే బయల్దేరారు. కొండ మీద చెట్టు నుంచి చెట్టుకి మంజరి ఎగిరింది. కింద పైడి నడిచింది. మంజరి అన్నట్టుగానే దారంతా కోపపడింది. అప్పుడప్పుడు పైనుంచి, "నాకు ఎంత బాధేసిందో తెలుసా?" అనేది. "తెలుసు" అనేది పైడి. "తెలీదు!" అనేది మంజరి. "అవును, తెలీదు" అనేది పైడి.

గద్దల మిట్ట వచ్చింది. చెట్లు అయిపోయాయి.

"నా కడుపు కిందికి రా. నేను నడిచినట్టే గెంతు" అంది పైడి.

పైడి వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని రెండింతలైంది. ఆ గొడుగు కింద మంజరి గెంతుతూ నడిచింది. సగం దూరం పోయారో లేదో, నీడ ఒకటి రాళ్ళ మీద జారింది.

"ఓ ముంగిసా!" అని పైనుంచి గద్ద అరిచింది. "కడుపు కింద పసుపు కాళ్ళు కనపడుతున్నాయి. అది నీకేమవుతుంది? వదిలేసి పో. నిన్నేమీ అనను."

"మా చెల్లెలు" అంది పైడి. "రా, దిగి చూడు."

గద్ద దిగింది. గోళ్ళు పైడి వీపు మీద గీరాయి. పైడి కదల్లేదు. తల తిప్పి ఒక్క కాటు వేసింది. నోట్లోకి ఈకలొచ్చాయి. గద్ద మళ్ళీ వచ్చింది, మళ్ళీ గీరింది. ఇంకో కాటు తగిలింది. మూడోసారి దూరంనుంచే చుట్టు తిరిగి వెళ్ళిపోయింది.

"అక్కా, రక్తం!" అంది మంజరి.

"నడువు, నడువు. పట్నం మూగబోయి ఉంది" అంది పైడి.

పడిపోయిన మేడ దగ్గర అందరూ అలాగే కూర్చుని ఉన్నారు. మంజరిని చూసి వరహాలమ్మ స్తంభం మీంచి దిగింది. ముసలి రెక్క ఒకటి చాపి మనవరాలిని లోపలికి తీసుకుంది. పిట్టలన్నీ మొహాలు పక్కకి తిప్పుకున్నాయి. కొన్నింటిని చూడకపోవడం కూడా మర్యాదే.

నూకాలు తల బయటికి వచ్చింది. మంజరిని చూసింది. పైడి వీపు మీద గీతలు చూసింది.

వరహాలమ్మ పాడింది. ఆ పాట ఎలా ఉందని నన్నడక్కండి. నేనక్కడ లేను, అది మళ్ళీ పుట్టలేదు. పైడి మాత్రం మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఒక మూల కూర్చుని విన్నది. నూకాలు పక్కన చోటు ఖాళీగానే ఉంది, అయినా వెళ్ళి కూర్చోలేదు.

మంజరి తన పట్నంలో ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో తాబేలూ ముంగిసా, ఇద్దరే. పైడి కోరుకున్నది సరిగ్గా ఇదే కదా! ఇద్దరమే, ఇద్దరమే. కానీ ఈసారి ఆమె ముందుకి ఉరకలేదు. నూకాలు వెనకే, నూకాలు అడుగులంత చిన్న అడుగులు వేస్తూ నడిచింది. మిట్ట దాటేదాకా మాట లేదు. కొండ ఎక్కేదాకా మాట లేదు.

కొండ దిగుతుండగా నూకాలు మెడ బయటికి పెట్టింది. అటూ ఇటూ చూసింది.

"కప్పల కచేరీలో మధ్యలో అందరూ ఒక్కసారి ఆగారు చూశావా? అక్కడ నా ఒళ్ళు జల్లుమంది."

"నేను వినలేదు" అంది పైడి.

"పక్కనే ఉన్నావుగా."

"ఉన్నాను. వినలేదు. కీచురాళ్ళ పాటా వినలేదు. ఆ రెండూ నాకు పోయాయి."

నూకాలు నడుస్తూనే ఉంది. నాలుగు అడుగులేసి ఆగింది.

"ఇలా ముందుకి రా. వెనకనుంచి నీకేం వినపడుతుంది?"

పైడి పక్కకి వచ్చింది. నూకాలు గొంతు సవరించుకుంది. తాబేలుకి గొంతెక్కడిది పిల్లలూ! గాలి ఎక్కువ, పాట తక్కువ. తాళం తప్పింది. నడుమ రెండుచోట్ల మర్చిపోయి, "ఇక్కడ కీచురాళ్ళు ఇంకేదో చేశాయే, బాగుంది" అని మాటలతో చెప్పింది. తంబుర పట్నంలో నిన్నటి పాట ఇవాళ పాడరు. అది ఆ పట్నం పద్ధతి. నూకాలు మాత్రం కొండ దిగేదాకా ఆ రెండు పాటలూ పాడుతూనే ఉంది. పైడి ఒక్క ముక్క వదలకుండా విన్నది.

నీతి: ఇష్టమైనవాళ్ళ పక్కన చోటు కావాలంటే నోరు విప్పి అడగండి పిల్లలూ. ఇంకొకరిని తప్పించి ఆ చోట కూర్చుంటే చోటు దక్కుతుంది గానీ పాట దక్కదు.